గోడవైపు వరస

లెక్కల టీచరుకు ఎడమ చెవి వినపడదన్న సంగతి లోకంలో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ లెక్కల టీచరే.

నాలుగేళ్ళ కిందట పట్టిన జలుబు పోతూ పోతూ ఆ చెవిని కూడా వెంట పట్టుకుపోయింది. రేపు తగ్గుతుంది, ఎల్లుండి తగ్గుతుంది అనుకుంటూ ఆర్నెల్లు చూసింది. తగ్గదని తేలాక నోరు మూసుకుంది. ఇంట్లో ఎవరూ పసిగట్టలేదు. ఇంటాయన బస్సు డ్రైవరు. ఇంజను హోరు మీద మాట్లాడి మాట్లాడి, ఉప్పు అందుకోమన్నా వీధి చివరి దాకా వినపడేలా అడిగే మనిషి. అలాంటి మొగుడున్న ఇంట్లో చెవి ఒకటి తక్కువైతే ఏం, కొంత సుఖం కూడాను.

బళ్ళో మాత్రం ప్రాణం మీదికొచ్చేది. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు, ఇంకో నాలుగేళ్ళలో రిటైర్మెంటు. ఎన్ని తరగతులకు చెప్పినా ఏడో తరగతంటేనే ఆవిడకు మమకారం. పిల్లలు భిన్నాల దగ్గర బెంబేలెత్తిపోయి, ఏడాది చివరికి బీజగణితంలోకి తలెత్తుకుని నడిచేది అక్కడే. చెవిటి టీచరని పేరు పడిందంటే ఆ తరగతి లాగేసుకుంటారు, ఏ గ్రంథాలయం మూలో కూర్చోబెట్టి పుస్తకాలకు అట్టలు వెయ్యమంటారు. ఆ భయంతో ఆవిడ రకరకాల ఉపాయాలు కనిపెట్టింది.

అవేమిటో చెప్తాను, ఎక్కడా అనకండి. తరగతిలో మూడు వరసల బెంచీలు: కిటికీవైపు ఒకటి, మధ్యలో ఒకటి, గోడవైపు ఒకటి. వరసకు పన్నెండు మంది, మొత్తం ముప్ఫై ఆరుగురు. బోర్డు దగ్గర పిల్లలకేసి తిరిగి నుంచుంటే కిటికీ ఆవిడ కుడి చెవివైపు, గోడ ఎడమ చెవివైపు. కాబట్టి ప్రశ్న వేస్తే కిటికీవైపే వేసేది. లేకపోతే "అందరూ కలిసి చెప్పండి!" అనేది. అదీ కాదంటే తనే అడిగి తనే చెప్పేసేది. గోడవైపు నుంచి ఎవరైనా ఉత్సాహం కొద్దీ లేచారనుకోండి, పెదాలు కదలడం ఆగేదాకా నవ్వుమొహంతో చూసి, "శెభాష్! కూర్చో" అనేది. శెభాష్ అంటే ఎవరు కాదంటారు? నాలుగేళ్ళపాటు బండి ఆ ఒక్క మాట మీద నడిచింది.

అర్ధ సంవత్సరం పరీక్షలతో ఆ బండి కాస్తా ఆగింది. ముప్ఫై ఆరుగురిలో లెక్కలు గట్టెక్కింది పదిహేడు మంది.

హెడ్మాస్టరు చెడ్డవాడేం కాదు. కోపం వచ్చినా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటాడు తప్ప గొంతు పెంచడు. ఆ రోజు మూడుసార్లు తుడుచుకున్నాడు.

"ఏమిటమ్మా ఇది?"

"ఈ ఏడు పిల్లలు కొంచెం అల్లరి సార్."

"పోయినేడూ ఇదే అన్నారు. చూడండమ్మా, మీరంటే నాకు గౌరవం. కానీ పైవాళ్ళకి నేను జవాబు చెప్పుకోవాలి. ఎనిమిది వారాల్లో భిన్నాల మీద మళ్ళీ పరీక్ష పెడదాం. అప్పటికీ ఇంతే అయితే ఏడో తరగతి ఇంకొకరికి ఇచ్చి, మీకు గ్రంథాలయం అప్పజెప్తాను. ఈలోపు మీకు తోడుగా ఒక కోచ్‌ని వేశారు."

గ్రంథాలయం అనగానే టీచరు గుండెలో రాయి పడింది. ఆ రాయి బయటికి కనపడకుండా వెటకారం అందుకుంది. "కోచా? ఈల ఊది నన్ను గ్రౌండు చుట్టూ పరిగెత్తిస్తుందా సార్?"

"తరగతిలో వెనక కూర్చుని చూస్తుంది. తర్వాత మీరిద్దరూ మాట్లాడుకుంటారు. అది తనిఖీ కాదు. ఈ చుట్టుపక్కల బళ్ళన్నిటికీ లెక్కల కోచ్ ఆవిడొక్కతే." హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు. "మీకు తెలిసిన మనిషే."

తెలిసిన మనిషంటే ఏదో మామూలుగా తెలియడమా? సొంత తమ్ముడి పెళ్ళాం! ఉన్నది ఒకే ఇంట్లో, వీళ్ళు కింద, వాళ్ళు పైన. ఆదివారం వచ్చిందంటే నలుగురూ కింద ఒకే బల్ల దగ్గర భోంచేస్తారు. అయిదేళ్ళ కిందట పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ పిల్ల "వదినా, వదినా" అంటూ గలగల్లాడేది. తర్వాత్తర్వాత ముభావంగా తయారైంది. ఎందుకో టీచరుకు అంతుబట్టలేదు. బాగా చదువుకున్న పిల్ల కదా, కాస్త బిగువు కాబోలనుకుని తనూ బిగుసుకుంది.

ఇప్పుడు ఆ పిల్ల వచ్చి తన తరగతిలో కూర్చుంటుందట. చెవి సంగతి పొరపాటున కంటబడిందా, సాయంత్రానికి తమ్ముడికి, రేపటికి చుట్టాలందరికీ, ఎల్లుండికి హెడ్మాస్టరుకి!

సోమవారం రెండో పీరియడుకి మరదలు వచ్చి, పోయి పోయి గోడవైపు వరసలో ఆఖరి బెంచీ మీద కూర్చుంది. అక్కడ పిల్లలందరూ 'గుసగుస' అని పిలిచే అమ్మాయి ఉంటుంది. ఆ పిల్లది పుట్టుకతోనే సన్నటి గొంతు. పక్కవాళ్ళు కూడా చెవి ఒగ్గితే తప్ప వినపడదు. మరదలు నోటుబుక్కు తీసి బెంచీలన్నీ గళ్ళుగా గీసి, పాఠం జరుగుతున్నంతసేపూ ఆ గళ్ళల్లో చుక్కలు పెడుతూ కూర్చుంది. గుసగుస పాఠం వదిలేసి, మెడ సాచి ఆ చుక్కల్నే చూసింది.

పీరియడు అయ్యాక ఖాళీ గదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. టీచరు కుర్చీ కాస్త పక్కకు తిప్పి, కుడి చెవి ముందుకు వచ్చేలా సర్దుకుంది. మరదలు నోటుబుక్కు తెరిచి ఆవిడ ముందుకు జరిపింది.

"మీరు ఎవరితో మాట్లాడితే వాళ్ళ గడిలో ఒక చుక్క పెట్టానండీ. ఈ పటంలో మీకేం కనిపిస్తోంది?"

కిటికీవైపు చుక్కలు కిటకిటలాడుతున్నాయి. మధ్యలో అక్కడక్కడా ఉన్నాయి. గోడవైపు మూడంటే మూడు.

"నీ పెన్నులో ఇంకు బాగుందని కనిపిస్తోంది" అంది టీచరు.

మరదలు నవ్వలేదు, నొచ్చుకోలేదు. "పోనీ వచ్చే వారం దాకా ఒక్కటే చేద్దాం. ప్రశ్న అడిగాక మీరే జవాబు చెప్పేస్తున్నారు. నేను లెక్కపెట్టాను, క్షణం కూడా ఆగట్లేదు. అడిగి కాసేపు ఆగుతారా?" అని లేస్తూ, "ఈ పుస్తకం మీదండీ. మీ దగ్గరే ఉంటుంది. ఇంకెవరికీ చూపించను" అంది.

"ఆహా, అలాగే" అంది టీచరు. అందులో ఒక్క అక్షరం నమ్మితే ఒట్టు.

కానీ ఆవిడా పాఠం చెప్పే మనిషే కదా, ఆగమన్నది మాత్రం బుర్రలో నిలిచిపోయింది. ఆగడం అలవాటు కావడానికి ఒక ఉపాయం పన్నింది: ప్రశ్న అడిగి, సుద్దముక్కతో బల్ల మీద మూడుసార్లు టక్ టక్ టక్ మని కొట్టడం. మొదటి రోజు బాగానే ఉంది. మూడో రోజుకి తరగతి మొత్తం సుద్దముక్కకేసే చూడసాగింది. మూడో టక్కు పడగానే టీచరే జవాబు చెప్తుందని వాళ్ళకు తెలిసిపోయింది మరి! శుక్రవారం సుద్దముక్క రెండో దెబ్బకే విరిగితే, కిటికీవైపు కుర్రాడొకడు "ఇంకోటి కొట్టాలి టీచర్!" అని తన పెన్సిలు ఇచ్చాడు. వెనక బెంచీలో మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ ఆదివారం భోజనాల దగ్గర తమ్ముడు ముద్ద నోట్లో పెట్టుకుని, "అక్కా, కూరలో ఏదో తగ్గిందే" అన్నాడు.

"నేను చెప్పనురా. ఆ కూరలో నీకేం కనిపిస్తోంది?"

బస్సు డ్రైవరు ఏమీ అర్థంకాకపోయినా పెద్దగా నవ్వాడు. మరదలు మొహం ఎర్రబడింది, తర్వాత తనూ ఫక్కున నవ్వింది. ఈ నాలుగేళ్ళలో ఆ బల్ల దగ్గర ఆ పిల్ల అలా నవ్వడం టీచరు చూడలేదు. ముచ్చటేసింది. ఆ ముచ్చట పైకి కనపడనివ్వకుండా మజ్జిగ గిన్నె అటు జరిపింది.

మూడో వారం మరదలు కొత్త పటం తెచ్చింది. ఈసారి చుక్కలు కావు. అర్ధ సంవత్సరం మార్కులు తీసుకుని ఎవరి గడిలో వాళ్ళవి వేసింది, తప్పినవాళ్ళవి ఎర్రగా. మార్కుల జాబితా ఎప్పుడూ హాజరుపట్టీ వరసలో ఉంటుంది. అందుకే ఆ జాబితాలో ఎవరికీ కనపడనిది ఈ పటంలో కొట్టొచ్చినట్టు కనపడుతోంది. తప్పిన పందొమ్మిది మందిలో పదకొండు మంది గోడవైపు వరసే. ఆ వరసలో గట్టెక్కింది గుసగుస ఒక్కతే.

"ఈ పటంలో మీకేం..."

"చాల్లే!" టీచరు పుస్తకం టపీమని మూసింది. "ఇరవై ఎనిమిదేళ్ళు సుద్దపొడి తిన్నాను. నువ్వొచ్చి చుక్కలు పెట్టి నాకు పాఠం చెప్పేదేంటి? మొద్దులు పోయి గోడవైపు కూర్చుంటే నన్నేం చెయ్యమంటావు?"

మొద్దులు! ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియలేదు. ఎవర్నీ ఎప్పుడూ అలా అనలేదు. పుస్తకం అక్కడే వదిలేసి విసవిసా బయటికి నడిచింది. వరండాలో కుళాయి తిప్పి మొహం కడుక్కుంటుంటే కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు. ఎర్ర గళ్ళకు కారణం ఆవిడకు తెలుసు. ఆ పిల్లలు మొద్దులు కారు.

పుస్తకం కోసం వెనక్కి వచ్చేసరికి గదిలో హెడ్మాస్టరు ఉన్నాడు. టీచరు తలుపు పక్కన ఆగిపోయింది. అదృష్టం ఏమిటంటే కుడి చెవే తలుపువైపు ఉంది.

"ఆ పుస్తకం ఓసారి ఇవ్వమ్మా. మూడు వారాలైంది, ఆవిడ తరగతి ఎలా ఉందో నాకూ తెలియాలిగా."

"పుస్తకం టీచరుగారిది సార్. ఆవిణ్ణి అడగండి."

"ఇంట్లో ఆవిడ నీకు వదిన కాబట్టి దాస్తున్నావా?"

"వదిన కాకపోయినా ఇవ్వను సార్. ఇచ్చానంటే రేపట్నుంచి ఏ టీచరూ నా ముందు నిజంగా పాఠం చెప్పరు. నాటకం ఆడతారు."

హెడ్మాస్టరు కళ్ళద్దాలు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. టీచరు లోపలికి వచ్చి, మరదలి ఎదురుగా కాకుండా పక్కన, తన కుడివైపు ఆ పిల్ల ఉండేలా కూర్చుంది.

"అమ్మాయ్, నాకు ఎడమ చెవి వినపడదు" అంది.

అంతే. నాలుగేళ్ళు మోసిన మూట ఒక్క మాటలో దిగిపోయింది.

మరదలు పుస్తకం పక్కన పెట్టేసింది. తర్వాత అడిగిన ప్రశ్న చుక్కల గురించీ కాదు, మార్కుల గురించీ కాదు. "ఎప్పట్నుంచి వదినా?"

"నాలుగేళ్ళయింది."

"భోజనాల బల్ల దగ్గర నేను కూర్చునేది మీ ఎడమపక్కే కదా. నేనేమో... మీకు నేనంటే గిట్టదనుకున్నా. ఏదైనా చెప్తే పలకరు, అటు తిరిగి మీ తమ్ముడితోనే మాట్లాడతారు. పెళ్ళైన ఏడాదికే నావల్ల ఏం తప్పు జరిగిందా అని ఎన్నిసార్లు ఏడ్చానో. ఆఖరికి మాట్లాడటమే మానేశా."

టీచరు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. పిల్లల సంగతి సరే, ఇంట్లో కూడా ఒక మనిషిని గోడవైపు కూర్చోబెట్టింది తను. "ఓసి పిచ్చిదానా" అంటూ ఆ పిల్ల తల దగ్గరికి లాక్కుంది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు, చిన్నపిల్లల్లా ముక్కులు ఎగబీల్చుకున్నారు.

ముందుగా తేరుకున్నది మరదలే. "రేపు చెవి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. ఇది మాత్రం అడగడం లేదు, చెప్తున్నా. రెండోది, ఈ విషయం నా నోటి నుంచి బయటికి పోదు. ఎవరికి చెప్పాలో మీ ఇష్టం." ఆ తర్వాత మళ్ళీ కోచ్ గొంతు వచ్చేసింది. "సరే, వినపడకుండానే ముప్ఫై ఆరుగురి జవాబులూ మీకు తెలియాలంటే ఏం చెయ్యాలి?"

"నన్నే అడుగుతావేమే? చెప్పి చావరాదూ."

"మీరే చెప్పాలి."

టీచరు కిటికీలోంచి చూసింది. కింద ఒకటో తరగతి పిల్లలు వరండాలో పలకలు పట్టుకుని కుస్తీ పడుతున్నారు.

"వినలేకపోతే చూడాలి" అంది నెమ్మదిగా. "పలకలు!"

స్టోరు గదిలో దుమ్ముకొట్టుకుపోయిన పాత పలకలు నలభై దాకా దొరికాయి. ఏడో తరగతి వాళ్ళకు పలకలిస్తే నామోషీ అనుకుంటారేమోనని టీచరు జంకింది గానీ, వాళ్ళు ఎగిరి గంతేశారు. నాలుగో వారం గురువారం నాడు బోర్డు మీద రాసింది: సగమూ, మూడో వంతూ కలిపితే ఎంత?

"ఎవరూ నోరు విప్పొద్దు. రాసి, నేను చెయ్యెత్తగానే పలకలు పైకెత్తండి."

చెయ్యెత్తింది. ముప్ఫై ఆరు పలకలు లేచాయి.

కిటికీవైపు అయిదు బై ఆరు, అయిదు బై ఆరు, అయిదు బై ఆరు. మధ్యలో కలగాపులగం. గోడవైపు రెండు బై అయిదు, రెండు బై అయిదు, రెండు బై అయిదు, వెనక దాకా అదే. పైవి పైవి, కిందివి కిందివి కలిపేశారు. అడ్డదిడ్డంగా కూడా కాదు, గుండ్రటి అక్షరాలతో, ఎంతో నమ్మకంగా. ఆఖరి బెంచీలో గుసగుస పలక మీద మాత్రం చీమంత అక్షరాలతో అయిదు బై ఆరు.

ఇన్నేళ్ళూ కిటికీవైపు నుంచి "అయిదు బై ఆరు" అని వినపడగానే "శెభాష్" అని ముందుకు సాగిపోయింది తను. తరగతి మొత్తానికీ వచ్చేసిందనుకుంది.

"ఒరేయ్, ఇలా ఎందుకు కలిపారురా?" అనడిగింది, గోడవైపు మూడో బెంచీలో పొడుగు కుర్రాణ్ణి. అడుగుతూ అడుగుతూ నడిచి వాడి దగ్గరికే వెళ్ళి, కుడి చెవి వాడివైపు పెట్టింది.

వాడు తికమకపడ్డాడు. "ఇలాగే కలపాలి కదా టీచర్? పోయిన నెల మీరడిగితే నేను లేచి ఇలాగే చెప్పా. మీరు శెభాష్ అన్నారు."

"నన్ను కూడా అన్నారు టీచర్" అంది ముందు బెంచీ అమ్మాయి.

"నన్నూ."

టీచరు పక్కన బెంచీ పట్టుకుంది. అడక్కపోవడం ఒక ఎత్తు, తప్పుకు శెభాష్ అనడం ఇంకో ఎత్తు. పాపం ఆ పదకొండు మందీ పాఠం వినకపోవడం కాదు, విన్నారు. తను మెచ్చుకున్నదే పరీక్షలో రాశారు. వెనక నుంచి మరదలు లేవబోయింది. టీచరు వద్దని కళ్ళతోనే చెప్పి, బోర్డు దగ్గరికి వెళ్ళి నుంచుంది.

"పిల్లలూ, ఒక మాట చెప్తాను. నాకు ఈ చెవి వినపడదు." ఎడమ చెవి పట్టుకు చూపించింది. "నాలుగేళ్ళుగా అంతే. గోడవైపు వాళ్ళు చెప్పేది నాకు వినపడలేదు. వినపడలేదని చెప్పడానికి సిగ్గుపడి శెభాష్ అన్నాను. మీకు తప్పు నేర్పింది నేనే. మీరు మొద్దులు కారు. తప్పు నాది."

పొడుగు కుర్రాడు చెయ్యెత్తి, "అయితే టీచర్, ఆ శెభాష్‌లు వెనక్కి ఇచ్చెయ్యాలా?" అన్నాడు. తరగతి గొల్లుమంది. టీచరు కూడా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

తర్వాత ఒక పొడుగాటి కాగితం ముక్క తీసి సగానికి మడిచింది. "ఇది సగం. దీనికి ఇంకో ముక్క కలిపాను. మీరు చెప్పిన రెండు బై అయిదు సగం కన్నా ఎక్కువా, తక్కువా? పలకల మీద రాయండి." ఆ రోజు గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

మర్నాడు పొద్దున బెల్లు కాకముందే ఏడో తరగతి గదిలోంచి బల్లలు ఈడ్చే చప్పుడు. ఎవరు ఏం విరగ్గొడుతున్నారోనని టీచరు పరిగెత్తుకుంటూ వెళ్ళింది. బోర్డుకు నట్టనడుమ ఉండాల్సిన తన బల్ల, కుర్చీ గోడ మూలకు చేరాయి.

"ఎవరు జరిపారు?"

అందరూ వెనక బెంచీకేసి చూశారు. గుసగుస లేచింది. ఏమీ మాట్లాడలేదు, పలక పైకెత్తింది. దాని మీద లెక్క లేదు. పటం ఉంది. మూడు వరసల గళ్ళు, ముందు గోడ మూలలో ఒక బల్ల, బల్ల వెనక బొట్టనవేలంత టీచరు. టీచరు ఎడమ చెవి గోడకు ఆనుకుని ఉంది. కుడి చెవి మాత్రం చేటంత వేసింది. ఆ చెవికి ఇవతల గళ్ళన్నిటిలో చుక్కలు. ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

మరదలు తలుపు దగ్గర నుంచుని ఆ పలక చూసింది. నాలుగు వారాలుగా ఇన్ని పటాలు గీసింది గానీ టీచరును ఎక్కడ నుంచోబెట్టాలో తనకు తట్టనే లేదు.

ఈలోగా చప్పుడు విని హెడ్మాస్టరు రానే వచ్చాడు. మిగిలిన కాస్త చోటు గోడకీ బల్లకీ మధ్యే ఉంటే, ఆ సందులోకి దూరి, బల్ల దగ్గరున్న టీచరుకు ఎడమపక్కన నుంచుని ఏదో అన్నాడు. టీచరు పలకే చూస్తోంది. ఆయన మళ్ళీ అన్నాడు. అప్పుడు ముప్ఫై అయిదు గొంతులు ఒక్కసారిగా అరిచాయి: "అటు కాదు సార్! ఇటు రండి! ఆ చెవి పని చెయ్యదు!"

ముప్ఫై ఆరో గొంతు కూడా అరిచిందట. వినపడలేదంతే.

హెడ్మాస్టరు నోరు తెరిచి టీచరుకేసి చూశాడు. చుట్టూ తిరిగి ఇటుపక్కకు వచ్చి, కళ్ళద్దాలు తీశాడు. "నిజమేనా అమ్మా?"

"నిజమే సార్. నాలుగేళ్ళు దాచాను. మీరేమన్నా పడతాను."

ఆయన గుసగుస పలక అందుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "పరీక్ష కానివ్వండి" అన్నాడు చివరికి. "అనుకున్న మాట అనుకున్నదే. ఇంకో నాలుగు వారాలుంది." వెళ్తూ వెళ్తూ పలక జాగ్రత్తగా ఆ పిల్ల చేతికే ఇచ్చాడు.

ఆ నాలుగు వారాలు టీచరు చెమటోడ్చింది. వారానికి ఒక్కటే మార్పు, అది కుదిరాకే ఇంకోటి. అడిగాక ఆగడం, సుద్దముక్క టక్కులు లేకుండా. తప్పు రాసిన పలకనే ముందు తీసుకుని, "ఇలా ఎందుకనిపించింది?" అని అడగడం. డాక్టరు ఇచ్చిన చెవి మిషను మొదటి రోజు ఈల వేసింది. "కోచ్ వచ్చింది టీచర్!" అన్నారు కిటికీవైపు వాళ్ళు. గోడవైపు పదకొండు మందినీ బడి అయ్యాక అరగంట కూర్చోబెట్టుకుని, నేర్పిన తప్పును తనే ఒక్కొక్కరి దగ్గరా ఊడబెరికింది. రాత్రిళ్ళు పడుకోబోతూ గ్రంథాలయం గుర్తొచ్చి ఉలిక్కిపడేది. పొద్దున లేచి మళ్ళీ కాగితం ముక్కలు కత్తిరించేది.

పరీక్ష అయింది. హెడ్మాస్టరు తనే పేపర్లు దిద్దించి, జాబితా పట్టుకుని గదిలోకి వచ్చి, ఈసారి అడక్కుండానే కుడిపక్కన నుంచున్నాడు.

"ముప్ఫై ఆరుగురిలో ఇరవై తొమ్మిది మంది" అన్నాడు. "మీ గోడవైపు వరసలో తొమ్మిది మంది. మిగిలిన ఏడుగురి సంగతి?"

"వాళ్ళ పేర్లు నా దగ్గరున్నాయి సార్. ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారో కూడా రాసుకున్నాను."

"మరింకేం. ఏడో తరగతి మీదే. మీరు రిటైరయ్యేదాకా." కళ్ళద్దాలు తుడుచుకున్నాడు గానీ ఆ రోజు కోపం లేదు. "గ్రంథాలయం పుస్తకాలకి అట్టలు నేనే వేసుకుంటాలెండి."

టీచరుకు ఒక్క క్షణం ఏమీ వినపడలేదు, ఏ చెవిలోనూ. వెనక బెంచీలో గుసగుస, మూడో బెంచీలో పొడుగు కుర్రాడు చప్పట్లు కొట్టడం మాత్రం కనిపించింది.

ఆ ఆదివారం మరదలు కిందికి దిగి వచ్చేసరికి భోజనాల బల్ల మీద ఒక పలక పెట్టి ఉంది. టీచరు చేతులు కట్టుకుని నుంచుంది. తమ్ముడూ బస్సు డ్రైవరూ అప్పటికే కంచాల ముందు కూర్చుని బిక్కమొహాలు వేసుకుని చూస్తున్నారు. వాళ్ళను లేపి కుర్చీలు మార్చేసింది మరి.

పలక మీద భోజనాల బల్ల, నాలుగు కుర్చీలు. ఒక కుర్చీలో టీచరు బొమ్మ, చేటంత కుడి చెవితో. ఆ చెవి పక్క కుర్చీలో పెద్ద చుక్క.

"ఏమ్మా కోచ్," అంది టీచరు, "ఈ పటంలో నీకేం కనిపిస్తోంది?"

మరదలు పలక చూసింది, కుర్చీ చూసింది. చివరికి గుసగుస కన్నా సన్నగా, "నా కుర్చీ వదినా" అంది.

"శెభాష్! కూర్చో" అంది టీచరు. ఈసారి జవాబు విని మరీ అంది.